చోటు చూసుకోండక్కా

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఎమ్మిగనూరులో బడి చదువు ముగించిన ప్రతివాడూ ఆ వైపు బస్సెక్కాడు. నేను ఆదోని బస్సెక్కాను. పెద్ద ఆదర్శమేమీ కాదు, కర్నూలు నన్ను పిలవలేదు. ఆదోనిలో ఒక పత్తి వర్తకుడు ముసలితనంలో ఖద్దరు కట్టి, పని లేనివాళ్ళకు పని చూపే సంఘం పెట్టాడు. అందులో గుమాస్తాగా చేరాను. పని లేనివాళ్ళంటే ఆయన ముందుగా చూసింది మావాణ్ణే అని మా మేనత్త అందరితో గొప్పగా చెప్పుకునేది.

వానలు తప్పిన ఏడాది మెట్ట పల్లెల జనం ఆదోని బజారులో వచ్చి నిలబడేవాళ్ళు. మేస్త్రీలు వాళ్ళ జబ్బలు పట్టి చూసి, ఎద్దులను తోలుకుపోయినట్టు తోలుకుపోయేవాళ్ళు. అది చూడలేకే పెద్దాయన సంఘం పెట్టాడు. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టాలి, మజ్జిగ పోయాలి, ఊరూ పేరూ అడగాలి. పని మాట ఆ తర్వాతే. మిల్లులోనో మగ్గాల దగ్గరో చోటుంటే మనమే వెంటబెట్టుకుపోయి అప్పగించాలి.

"మనుషుల్ని అమ్మేది కాదప్పా మన పని. మనిషికి చోటు సూపిచ్చేది," అనేవాడు.

నా చోటు సంగతి వేరు. నా ముందు ఆ కుర్చీలో కూర్చున్న గుమాస్తా ఎండాకాలంలో పోయాడు. భారీ మనిషి. బెత్తపు అల్లిక ఆయన తీరుకే గుంటపడి ఉండేది. అందులో నేను గంగాళంలో గరిటెలా కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం పూట వెనక నుంచి ఆయన దగ్గు వినబడేది. అది తలుపు బందు చప్పుడని తెలుసు. తెలిసీ తిరిగి చూసేవాణ్ణి.

పత్తి బండ్లు బారులు తీరే కాలంలో కోడుమూరు వైపు పల్లె నుంచి ఒకామె వచ్చింది. మొగుడు లేడు. బావి ఎండింది. మజ్జిగ సగం తాగి, చెంబు కింద పెట్టి, "పిల్లోల్లను మా యమ్మ దగ్గర ఇడిసొచ్చినా సామీ," అంది. "పని దొరికితే పిలిపిచ్చుకుంటా. దొరక్కుంటే ఆడికి పోయి ఆ ముసలామె గింజలే మేమూ తినాల."

ఆ ముందురోజే పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లు మేస్త్రీ కబురు పంపాడు. పత్తి ఏరే ఆడవాళ్ళ వరుసలో ఒక చోటు ఖాళీ పడిందట. ఆమెను తీసుకుపోయి గేటు దగ్గర అప్పగించి వచ్చాను. మంచి పని చేసిన హుషారులో దారిలో బజ్జీలు కూడా తిన్నాను.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆమె తిరిగి వచ్చింది. చీరకు ఒక్క పత్తి పోగు అంటలేదు.

"ఏమైందమ్మా?"

"ఆ చోటులో మనిషుందంట సామీ."

"ఎవరు?"

"నాకైతే కనపడలా."

నేను మళ్ళీ మిల్లుకు పోయాను. రేకుల కొట్టంలో గోడ వెంట ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. ముందు పత్తి కుప్ప. ఆకూ దుమ్మూ ఏరి వెనక్కి వేస్తున్నారు. వరుస నడుమ ఒక మనిషి పట్టేంత జాగా వదిలేశారు. అక్కడ నేల మీద గుప్పెడు తెల్లటి పత్తి, దాని మీద ఒక రాయి.

ఆ జాగా పక్కనున్న పెద్దామెను అడిగాను. "ఇది ఖాళీయే కదమ్మా?"

"కాదప్పా. మనిషుంది. నీళ్ళకు పోయినాది."

ఆమె చేతులు ఆపకుండానే చెప్పింది. ఆ వరుసలో ఎవరు లేచినా, "చోటు చూసుకోండక్కా," అని చెప్పి లేస్తారు. పక్కనామె అక్కడ గుప్పెడు పత్తి పెడుతుంది. వచ్చేదాకా ఆ చోటులోకి ఎవరూ జరగరు. కొన్నాళ్ళ కింద ఒకామె అలాగే చెప్పి నీళ్ళు తాగడానికి లేచింది. గోడ వెనక తొట్టి దగ్గర పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

"చూసుకోండక్కా అని సెప్పిపోయినాది. చూసుకుంటామంటిమి. ఇంగ వద్దని ఆయమ్మ సెప్పలా కదా," అంది పెద్దామె. రోజూ పొద్దున పాత పత్తి తీసి కొత్తది పెడుతున్నారట. ఆమె వంతు ఏరుడు కూడా అటూ ఇటూ ఉన్నవాళ్ళు చేస్తున్నారు.

నేను ఆ జాగా వైపు వంగి చూస్తుంటే వరుస చివర నుంచి ఒక పడుచు అంది. "ఈ సన్నాయన్ను కూసోబెట్టుకుందాం పెద్దమ్మా. ఎవురూ జరిగే పన్లేదు."

అందరూ నవ్వారు. రాయి వైపు చూసి ఆపేశారు.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "రేపు ఆ జాగా నిండాల. లేదంటే మీ సంఘం మనుషులు మాకొద్దు," అన్నాడు. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర కండెలు చుట్టే పని ఉందేమోనని అడిగిస్తే నూలే రావడం లేదన్నారు. ఇక కోడుమూరామెకు ఆ చోటు తప్ప ఇంకోటి లేదు. పెద్దాయన అంతా విని, "ఖాళీ అంటే ఖాళీనే కదప్పా," అన్నాడు కానీ, ఆ మాట ఆయనకే రుచించినట్టు లేదు. మా మేనత్త ఒక్కతే తేలిగ్గా తీసుకుంది. జిన్నుల మిల్లులో దయ్యాలు లేకపోతే ఎట్లా అంది.

మర్నాడు ఆమెతోపాటు నేనూ పోయాను. కొట్టం గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆమె వరుస వెంట నడిచి ఆ జాగా ముందు నిలబడింది. ఎవరూ తలెత్తలేదు. ఆమె కూర్చోలేదు. రాయి ముట్టుకోలేదు. కొంచెం వంగి, ఆ పత్తి వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"పిల్లోల్లు గలదాన్నక్కా. రోంత జరుగు."

అని, ఆగింది. బస్సులో జరగమని అడిగి, ఎదుటి మనిషి మూట సర్దుకునేదాకా ఆగుతామే, అలా.

ఏరే చేతులన్నీ నిలిచిపోయాయి. పెద్దామె ఆ పత్తినీ రాయినీ రెండు చేతులతో ఎత్తి, తన వైపు దగ్గరగా పెట్టుకుంది. తర్వాత తనూ జరిగింది. ఆమె పక్కనామె జరిగింది, ఆ పక్కనామె జరిగింది. గోడ మూల దాకా వరుస మొత్తం కదిలింది. రాయి పక్కన ఇంకో మనిషి పట్టే జాగా తేలింది. కొత్తామె కూర్చుని పత్తి చేతిలోకి తీసుకుంది.

అక్కడితో నా పని అయిపోయింది. అయినా ఏదో సాకుతో మధ్యాహ్నం దాకా మిల్లులోనే తిరిగాను. ఎండ ముదిరాక ఆమె కొంగు దులుపుకుని లేచింది.

"నీళ్ళు తాగొస్తా. చోటు చూసుకోండక్కా."

పెద్దామె ఆమె చోటులో గుప్పెడు పత్తి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు. ఆమె గోడ వెనక్కి పోయింది. అవతల యంత్రాలు ఆడుతూనే ఉన్నాయి, ఇక్కడ ఒక్క చెయ్యీ ఆడలేదు. నిన్న నన్ను ఎగతాళి చేసిన పడుచు కళ్ళు మూసుకుని ఉంది. తొట్టిలో చెంబు ముంచిన చప్పుడు కోసం నేనూ చెవులు రిక్కించాను. యంత్రాల మోతలో ఏమీ వినబడలేదు.

ఆమె మూతి తుడుచుకుంటూ వచ్చింది. అందరినీ చూసి బిత్తరపోయింది.

"ఏమక్కా, అందురూ నన్నే సూస్తాండారు?"

"ఏంల్యా. వచ్చినావు కదా, కూసో," అని పెద్దామె చెయ్యి తీసింది.

కొన్నాళ్ళకు ఆమె పిల్లలు అమ్మమ్మ దగ్గర నుంచి వచ్చారు. మా వసారాలో మజ్జిగ తాగి అమ్మ దగ్గరికి పరుగెత్తారు. నేను మిల్లుకు పోయినప్పుడల్లా ఆ రాయి కింద కొత్త పత్తే ఉండేది.

ఆమె పనిలో చేరిన ఆ మధ్యాహ్నం మాత్రం నేను ఆఫీసుకు తిరిగి వచ్చి, కుర్చీలో ఒక పక్కకు జరిగి కూర్చున్నాను. ఎలాగూ అది ఇద్దరు పట్టే కుర్చీ. వెనక దగ్గు వినబడింది. తిరిగి చూడలేదు.