పొలమారినప్పుడల్లా

ఆలూరు దగ్గరి ఆ పల్లెలో జీవమ్మకు పొలమారితే వీధంతా తెలిసేది. సంగటి ముద్ద గొంతులోకి దిగీ దిగకముందే దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. కళ్లనీళ్లు తుడుచుకోకుండానే ఎడమచేత్తో నడినెత్తిన తట్టుకుని, "ఆయప్ప తలుచుకుంటాండాడు," అనేది. ఆయప్పంటే మొగుడు దాసన్న. ఎక్కడో దూరాన కాలువ పనిలో రాళ్లు మోసేవాడు. రెండుసార్లు, ఆమెకు పొద్దున పొలమారిన నాడే, సాయంత్రానికి అతను గడపలో నిలబడ్డాడు. ఇక ఆ నమ్మకాన్ని కదిలించడం ఎవరి తరమూ కాలేదు. మెల్లగా తినమని పక్కింటి జ్ఞానమణి ఎంత చెప్పినా వినేది కాదు. పొలమారడానికే అట్లా గబగబా మింగుతోందేమో అనిపించేది. ఒక్కోసారి తానే అతన్ని తలుచుకుని, "ఇప్పుడు ఆడ దగ్గుతాంటాడు," అని నవ్వేది.

కర్నూలు రాజధానైన మరుసటి ఏడు, దాసన్నతో పనికి పోయిన దావీదురాజు ఒక్కడే తిరిగొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "వదినా, అన్న చలిజ్వరంతో పోయినాడు. ఆడనే మట్టి చేసినాము. నెల దాటింది. నాకూ జ్వరమే, లేచి రాలేకపోతి."

జీవమ్మ ఏడవలేదు. అతని మొహంలోకే చూస్తూ, "నిన్న గూడా పొలమారింది గదప్పా," అంది.

మూడోనాడు జ్ఞానమణి బలవంతాన ఒక ముద్ద నోట్లో పెట్టింది. పొలమారింది. "ఎవరో తలుచు..." అనబోయి జ్ఞానమణి నాలుక కరుచుకుంది. జీవమ్మ ఎడమచెయ్యి అలవాటు కొద్దీ నెత్తిదాకా లేచింది. తట్టడానికీ చేతకాక, దించడానికీ చేతకాక, దాన్ని అక్కడే పెట్టుకుని ఆమె దగ్గుతూ కూర్చుంది.