ఉప్పుగాలి శ్రీరామ్మూర్తి

శ్రీరామ్మూర్తి లెక్కలో లోకంలో ఏ వస్తువు చెడిపోయినా కారణం ఒక్కటే: ఉప్పుగాలి. ఫ్యాను తిరగకపోతే ఉప్పుగాలి. ప్రింటరు కాగితం నమిలేస్తే ఉప్పుగాలి. లిఫ్టు మధ్యలో ఆగి లోపలివాళ్ళు లబోదిబోమంటుంటే, బయట నిలబడి "ఉప్పుగాలండీ, సముద్రం పక్కనున్నాం కదా" అని తీరిగ్గా ఓదార్చే మనిషి ఆయన. మల్కాపురంలో ఓడల ఏజెంటు ఆఫీసొకటుంది. అందులో కంప్యూటర్లన్నీ ఆయన చేతి కిందే బతుకుతాయి.

ఆ ఆఫీసు తుడిచి టీ కాచే సన్యాసమ్మకి ఆయన్ని చూస్తే జాలి, ఒళ్ళుమంట రెండూను. ఆమె జాలరిపేటలో పుట్టింది. ముత్తాతల నాటినుంచీ ఇంటిల్లిపాదీ ఆ గాలి పీల్చే బతికారు. అలాంటి గాలిని ఊళ్ళో ప్రతి పాపానికీ బాధ్యురాల్ని చేస్తే ఊరుకుంటుందా?

"మా తాత పళ్ళూడిందాకా ఆ గాల్లోనే వల లాగాడు బాబూ. ఆయన్లో ఏ పార్టూ సెడిపోలేదు."

"అప్పట్లో మెటీరియల్ మంచిదప్పా," అనేవాడు శ్రీరామ్మూర్తి, తల ఎత్తకుండానే. ఆమెని ఆయన అక్క వరసలో 'అప్పా' అనే పిలుస్తాడు.

ఒకసారి లెక్కలు రాసే ఉమామహేష్ కీబోర్డు మొరాయించింది. తిరగేసి దులిపితే చీమల బారు దిగింది. ముందురోజు అతను టీ ఒలకబోసుకున్నాడని గోడమీది బల్లికి కూడా తెలుసు. శ్రీరామ్మూర్తి మాత్రం కళ్ళజోడు సవరించుకుని ఎప్పటి మాటే అన్నాడు.

"ఉప్పుగాలికి సీమలెందుకొస్తాయి బాబూ?" అంది సన్యాసమ్మ.

"వాటికీ రుచి మారొద్దా అప్పా?"

సముద్రానికి అంత దూరాన, గోపాలపట్నంలో ఆయన ఇంట్లోనూ ఇదే వరస. చుట్టాలొచ్చిన రోజు భార్య రాధ సాంబారులో రెండుసార్లు ఉప్పేసింది. అందరూ మంచినీళ్ళ గ్లాసుల కోసం తడుముకుంటుంటే, ఆయన కిటికీ మూసొచ్చి, "తెరిచి పెడితే ఇంతే, సాంబారులోకి దిగిపోతాది" అన్నాడట. "గోపాలపట్నం దాకా ఎలాగొచ్చిందిరా?" అని రాధ అన్న నిలదీస్తే, "గాలికి బస్సు టిక్కెట్టేటి బావా?" అన్నాడట. ఇది విని సన్యాసమ్మ, ఆ రాధమ్మకి పుణ్యలోకాలు ఖాయమని తేల్చేసింది.

దసరాకి ఆఫీసులో ఆయుధపూజ పెట్టారు. మేనేజరు కృష్ణంరాజు అందర్నీ కింద కార్ల దగ్గర నిలబెట్టి గుమ్మడికాయ కొట్టిస్తుంటే, మేడ మీద కంప్యూటర్లకి పసుపు కుంకాలు పెట్టే పని సన్యాసమ్మకి పడింది. ఏ పనైనా అరకొరగా చేయడం ఆమె వంశంలో లేదు. కత్తిపీట మొదలు పడవ దాకా, పూజపూట ఏ పనిముట్టూ పని చేయకూడదన్నది వాళ్ళింటి ఆచారం. అద్దాల గదిలో ఆఫీసు మెయిళ్ళన్నీ పంపే పెద్ద మిషను మాత్రం పండగపూటా గుయ్యిమని రొద పెడుతూనే ఉంది.

"నీది మాత్రం ఒళ్ళు కాదేటి? కాసేపు నడుం వాల్చు," అని, కుంకుమ అంటిన బొటనవేలితోనే బొత్తాం నొక్కి పట్టింది. పచ్చదీపం ఆరింది. కొబ్బరిముక్క చూపించి, హారతిచ్చి, మళ్ళీ నొక్కింది. దీపం వెలిగింది. మిషను మొహం కడుక్కున్నట్టు తేటపడిందని మురిసిపోతూ ఇంటికెళ్ళింది.

మర్నాడు ఆఫీసులోంచి ఒక్క మెయిలు కదిలితే ఒట్టు.

బయట సముద్రంలో బొగ్గు ఓడ లంగరేసి కూర్చుంది. దాని కాగితాలు మధ్యాహ్నం లోపు మెయిల్లో వెళ్ళకపోతే, రేవులో దాని చోటు ఇంకో ఓడకి పోతుంది. కృష్ణంరాజుది భీమవరం వైపు. ఎంత కోపమొచ్చినా నోట్లోంచి 'అండీ' ఊడిపడదు.

"కొంప మునుగుతోందండీ శ్రీరామ్మూర్తి గారూ! మిషను పోయిందాండీ?"

"మిషను బాగానే ఉంది సార్. దాన్లో మెయిళ్ళు పంపే సర్వీసే లేవట్లేదు."

"లేపండి మరి!"

"లేపుతన్నాను. కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తంది."

సన్యాసమ్మ టీ తెచ్చేసరికి ఆయన మిషనుతో మంత్రసానిలా మాట్లాడుతున్నాడు. "కడుపు నిండిపోయిందా? లేదే, బోల్డు చోటుంది. నీ సీట్లో ఇంకెవడన్నా కూకున్నాడా? అదీ లేదు. మరి నీ బాధేటి?" తెర మీద అక్షరాలు బిలబిలా దిగాయి. ఒక వరస దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఓహో. నాను ఇప్పటికే నడుస్తన్నాను కదా, మళ్ళీ లేపుతావేటి అంటన్నాదప్పా ఇది."

"నడవట్లేదు కదా?"

"నడవట్లేదు. సర్వీసు లేచినప్పుడు లోపలొక గుర్తు పెడతాది, పడుకునేటప్పుడు తీసేస్తాది. నిన్న ఎవరో సెప్పాపెట్టకుండా దీని పీక నొక్కేశారు. గుర్తు అలాగుండిపోయింది. ఇప్పుడు లేవబోతే, లోపలెవరో ఉన్నారనుకుని ఎనక్కి పోతంది."

"మనిషి లేకుండా గడియపడ్డ మరుగుదొడ్డి అన్నమాట."

"అదే అప్పా. బయట లైను."

నవ్వబోయిన సన్యాసమ్మకి 'పీక నొక్కేశారు' అన్న మాట అప్పుడు గుచ్చుకుంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. వెనకాలే గుమ్మంలో కృష్ణంరాజు.

"ఎవరో ఆపేశారన్నమాట! బ్యాటరీ ఉంది, కరెంటు పోయిందనడానికి లేదు. ఎవరైనా సరేనండీ, సాయంత్రానికి ఈ ఆఫీసులో ఉండరు."

ముసలోడు, అదే ఆమె మొగుడు, చేపలవేట మానేశాక ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ ఉద్యోగం మీదే. అయినా సన్యాసమ్మ తలొంచుకునే రకం కాదు. కొంగు దోపి, గొంతు సవరించుకుంది. చేసింది తనే అయితే చెప్పేది కూడా తనే. బొత్తాం మీద తన బొటనవేలి ముద్ర ఎర్రగా, దిష్టిబొట్టులా మెరుస్తూనే ఉంది.

ఆమె నోరు తెరిచేలోపు శ్రీరామ్మూర్తి రుమాలు తీసి, దుమ్ము తుడుస్తున్నట్టు బొత్తాన్ని తుడిచేశాడు.

"ఉప్పుగాలి సార్."

"ఏంటండీ?"

"బొత్తాం లోపల కాంటాక్టు లూజు. గాలి గట్టిగా కొడితే దానంతటదే ఆగి, దానంతటదే లేస్తాది."

"అద్దాల గదిలో, ఏసీలో, గాలెలా వస్తుందండీ?"

"ఉప్పుగాలికి తలుపులేటి సార్?"

"మరి ఆ రుమాలుకి ఎరుపేంటండీ?"

"తుప్పు సార్."

కృష్ణంరాజు రుమాలు చూశాడు, ఆయన మొహం చూశాడు, గడియారం చూశాడు. "ఆయ్, తుప్పో నిప్పో, ముందు నడిపించండి."

శ్రీరామ్మూర్తి ఆ పాత గుర్తు చెరిపేసి, మళ్ళీ లేపాడు. ఈసారి సర్వీసు లేచి కూర్చుంది. ఆగిపోయిన మెయిళ్ళన్నీ గేటు తెరిచిన ఫ్యాక్టరీ జనంలా బిలబిలమంటూ బయటపడ్డాయి. ఓడ కాగితాలూ వాటితోపాటే. మేనేజరు ఫోను పట్టుకుని పరుగెత్తాడు.

అద్దాల గదిలో ఇద్దరే మిగిలారు.

"బాబూ, ఆ తుప్పు నాది," అంది సన్యాసమ్మ.

"తెలుసప్పా. తుప్పుకి ఏలిముద్రలుండవు."

"నాకెవరి దయా అక్కర్లేదు. మేనేజరుకి నానే సెప్పేస్తాను."

"సెప్పు. నాను అబద్ధాలకోరునని నా ఉజ్జోగం పీకుతాడు. నీకు సరదాగుంటే సెప్పు."

సన్యాసమ్మ దోపిన కొంగు లాగి, బొత్తాం పక్కన మిగిలిన కుంకుమ తనే తుడిచేసింది.

"అయితే ఇన్నాళ్ళూ ఆ గాలి మీద ఏసిన నిందలన్నీ..." అంది, గొంతు తగ్గించి.

"మనిషి పేరు సెప్తే మనిషికి ఉజ్జోగం పోతాది. గాలికేటి పోతాది అప్పా?" అని టీ అందుకున్నాడు. "ఒక్క మాట. వచ్చే దసరాకి నన్ను పిలు. దీనికి ముందుగా సెప్పి పడుకోబెట్టాలి. సెప్తే బుద్ధిగా అన్నీ సర్దుకుని పడుకుంటాది. అప్పుడు నీ పూజ సేసుకో."

సన్యాసమ్మ మిషను వంక ఎగాదిగా చూసింది.

"సెప్తే సర్దుకుని పడుకుంటాదా? మరింకేటి, దీన్ని నాకిచ్చీ బాబూ. మా ముసలోణ్ణి నువ్వు తీసుకుపో."