దాచిపెట్టిన మాత్రలు

ఆ బజారులో చొక్కాలు కుట్టేవాళ్లు చాలామందే ఉన్నా, కాజాల కోసం అందరూ కాజాల మాస్టారి దగ్గరికే వచ్చేవారు. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ చేత్తో దారం అల్లడం నలభై ఏళ్లుగా ఆయన పని. పక్కనే కూర్చుని గుండీలు కుట్టేది ఆయన భార్య. ఆవిణ్ని గుండీలమ్మ అనేవారు. "మేమిద్దరం ఒక్కపూట పోట్లాడుకున్నామంటే, ఊళ్లో మగాళ్లంతా చొక్కాలు చేత్తో పట్టుకుని నడవాల్సిందే" అని మాస్టారు నవ్వించేవారు.

ఆరేళ్ల కిందట ఆయన వేళ్ల కణుపులు వాచి సూది పట్టు తప్పింది. కీళ్లవాతమని డాక్టరు రెండు రకాల మాత్రలు రాశాడు. వాటితో వాపు తగ్గి, సూది మళ్లీ మాట వినసాగింది. ఈ సంగతి వాళ్లు కూతురికి చెప్పలేదు. ఒక్కతే కూతురు, దూరదేశంలో రొట్టెల కర్మాగారంలో రోజంతా నిలబడి పనిచేస్తుంది. "దాని కాళ్ల నొప్పులు దానికి చాలు, మన వేళ్ల నొప్పులు కూడా ఎందుకు?" అంది గుండీలమ్మ.

అమ్మానాన్నల్ని శాశ్వతంగా తన దగ్గరికి రప్పించుకోవాలని ఆ కూతురు దరఖాస్తు పెట్టింది. నాలుగేళ్లకు కబురొచ్చింది. వైద్యపరీక్ష చేయించుకోవాలి, జాబితాలో ఉన్న టీకాలన్నీ పడాలి. జాబితా చదివించుకుని మాస్టారు తల గోక్కున్నారు.

"తట్టు, గవదబిళ్లలు, ఆటలమ్మ! డెబ్బై ఏళ్లకి మళ్లీ పసివాణ్ణయ్యానే. ఇక ఉయ్యాల ఒక్కటే తక్కువ."

పరీక్షకు వెళ్లే ముందు ఆయన మాత్రల అట్టలు సంచిలో పెట్టుకుంటుంటే ఆవిడ తీసి అలమరలో పడేసింది.

"అడిగితే చూపించాలి కదే?"

"చూపిస్తే? రోగిష్టి మాకొద్దంటే? నన్నొక్కదాన్నే రమ్మంటే? పెళ్లిచూపుల్లో పిల్లని కూర్చోబెట్టి, దీనికి దగ్గుందండీ అని ఎవరైనా చెప్పుకుంటారా?"

"అది పిల్ల. నేను ముసలాణ్ణి."

"అందుకే మీరు నోరు మెదపకండి. మాట్లాడేది నేను."

నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ మాటకు ఎదురుచెప్పి ఆయన నెగ్గింది లేదు.

వలస దరఖాస్తుల పరీక్షలు చేసే ఆ క్లినిక్‌లో నర్సు మంచి పిల్ల. మెట్లెక్కి ఆయాసపడుతున్న మాస్టారికి ఫ్యాను కింద కుర్చీ వేసి, తాను తాగడానికి తెచ్చుకున్న నీళ్లే గ్లాసులో పోసి ఇచ్చింది. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా తాతగారూ?" అని అడిగింది.

"మా అమ్మని అడగాలమ్మా. ఆవిడ పోయి ముప్పయ్యేళ్లయింది."

నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. రక్తపరీక్షలో అది పోసిన జాడ లేదని తేలింది. టీకా వెయ్యాలి కాబట్టి వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లిన రోజు నర్సు కాగితం ముందు పెట్టుకుని, "జబ్బులేమైనా ఉన్నాయా? రోజూ వాడే మందులు?" అంది.

మాస్టారు భార్య వంక చూశారు. వేళ్లు కనిపించకుండా చేతులు సంచి కింద పెట్టుకున్నారు.

"ఏమీ లేవమ్మా. దేవుడి దయవల్ల గుండ్రాయిలా ఉన్నారు" అంది గుండీలమ్మ.

"ఒక్కసారి బాగా గుర్తు చేసుకోండి మామ్మగారూ. ఇది ముఖ్యం."

"లేవన్నాను కదమ్మా."

రెండు జబ్బలకీ సూదులు పడ్డాయి. బయటికొచ్చాక మాస్టారు, "ఆ పిల్ల రెండుసార్లు అడిగిందే" అన్నారు. "అడగడం దాని ఉద్యోగం. పదండి" అంది ఆవిడ.

పన్నెండో రోజున జ్వరం వచ్చింది. కాస్త జ్వరం రావచ్చని నర్సు ముందే చెప్పింది కదా అని ఊరుకున్నారు. తర్వాత వీపంతా నీటిపొక్కులు లేచాయి. ఆసుపత్రికి వెళ్తే జబ్బు పేరు కాగితాలకెక్కుతుందేమోనని ఆవిడ ఇంకో మూడు రోజులు ఆపింది. నాలుగో రోజు ఆయనకు ఊపిరి అందలేదు. ఎదురు కొట్టులో బట్టలమ్మే ఆయన, కొట్టు మూసి, మాస్టారిని చిన్నపిల్లాడిలా ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు.

ఆసుపత్రి డాక్టరు మొదట అడిగిందీ అదే: "ఏం మందులు వాడతారు?" ఈసారి గుండీలమ్మ అట్టలన్నీ బల్ల మీద పెట్టింది. డాక్టరు వాటిని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"అమ్మా, ఈ మాత్రలు ఒంట్లో కాపలావాణ్ణి నిద్రపుచ్చుతాయి. మొన్న వేసిన టీకాలో ఉండే ఆటలమ్మ క్రిమి చేతులు కట్టేసిన దొంగ. మెలకువగా ఉన్న ఇంట్లో వాడేమీ చెయ్యలేడు. ఇక్కడ కాపలావాడు నిద్రలో ఉన్నాడు. ఇవి వాడుతున్నారని మీరు ఒక్కమాట చెప్పి ఉంటే ఆ టీకా వేసేవాళ్లే కాదు."

"వెయ్యకపోతే ప్రయాణం ఆగిపోదా బాబూ?"

"ఎందుకాగుతుంది? ఈయనకు ఈ టీకా పడదని డాక్టరు ఒక్క కాగితం రాస్తే, ఆ ఒక్కటీ మినహాయిస్తారు."

గుండీలమ్మ అట్టలు తీసుకుందామని చెయ్యి చాచింది. చెయ్యి వాటిదాకా పోలేదు.

వార్డు ఊడ్చే ఆమె, గుండీలమ్మ పొద్దుట్నుంచీ నిలబడే ఉందని గమనించి, తన స్టూలు తెచ్చి మంచం పక్కన వేసింది. మాస్టారు ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి నవ్వబోయారు.

"నువ్వు దాచావు. నా ఒళ్లు చెప్పేసింది. దానికి నీ అంత తెలివి లేదే."

"ఊరుకోండి."

"అమ్మాయికి చెప్పకు. టీకా ఒంటికి పడలేదని చెప్పు, చాలు. నింద నీ మీదకి రాకూడదు."

ఎన్నడూ ఏదీ అడగని మనిషి అది అడిగారు. ఆవిడ తల ఊపింది. మూడో రోజు ఉదయం, వార్డులోకి భోజనాల బండి వచ్చే వేళకి ఆయన పోయారు. కూతురికి సెలవు దొరికేలోగా అంతా అయిపోయింది.

ఆ పిల్ల రోజూ ఫోన్ చేసి ఒకే మాట అనేది. "నేనే చంపుకున్నానమ్మా. ఆ దరఖాస్తు పెట్టకుండా ఉంటే నాన్న ఉండేవాడు." పనికి వెళ్లడం లేదంది. అన్నం గొంతు దిగడం లేదంది. గుండీలమ్మ వింటూ, "అదంతా రాత తల్లీ" అంటూ వచ్చింది. కానీ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెడుతుంటే కళ్లు మూసుకోలేకపోయేది. దేవుడికి తెలిసిన సంగతి కూతురికి తెలియకుండా, ఆ బిడ్డ తను చెయ్యని పాపం మోస్తూ ఉంటే ఏమని మొక్కుతుంది? భర్తకిచ్చిన మాట ఒకవైపు లాగింది. పది రోజులు లాగింది.

పదకొండో రోజున కూతురు మళ్లీ అదే మాట ఎత్తుకోగానే ఆవిడ ఆపింది.

"నువ్వు కాదమ్మా. నేను." మాత్రల సంగతి చెప్పింది. నర్సు రెండుసార్లు అడిగిందని చెప్పింది. ఇంట్లో ఆపిన మూడు రోజుల సంగతీ చెప్పింది. ఒక్క కాగితం సరిపోయేదని కూడా చెప్పింది.



"ఎన్నాళ్ల నుంచి వాడుతున్నాడు?"

"ఆరేళ్ల నుంచి."

"ప్రతి ఆదివారం అడిగాను కదమ్మా, నాన్న ఎలా ఉన్నాడని."

"అడిగావు."

"బాగున్నాడన్నావు."

"అన్నాను."

కూతురు ఏడవలేదు, తిట్టలేదు. గుండీలమ్మ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది, తర్వాత కుళాయి తిప్పిన చప్పుడు. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.