కొమ్ముచెంబు నీళ్ళు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా కుళాయికి కాపలా ఉన్నాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వరస చివర ఉండేది ఆ కుళాయి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట నీళ్ళు వచ్చేవి. మా వెనక వరసకు వేరే కుళాయి ఉన్నా, ఎండలు ముదిరాక దాంట్లోంచి గాలి తప్ప ఇంకేమీ వచ్చేది కాదు. అందుకని ఏటా వేసవిలో వాళ్ళు కూడా బిందెలు పట్టుకుని మా కుళాయికే వచ్చేవారు. రావచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, రావద్దని కూడా ఎవరూ అనలేదు. ఏళ్ళుగా అలా జరిగిపోతుండేది. ఆ ఏడు మాత్రం వద్దన్నాం.

మా వరసలో ఉన్నవన్నీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన హిందూ కుటుంబాలు. వెనక వరసలో ఎక్కువగా ముస్లిములు. వాళ్ళలో కొందరిది మా వైపే. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడుకునేవారు. అలాంటి ఒక ఇంటి పెద్దావిడను పిల్లలందరం వెనక వరస మామ్మ అనేవాళ్ళం. ఆవిడ కొడుకు, మా నాన్న లోకో షెడ్డులో ఒకే డ్యూటీ చేసేవారు. ఆవిరి ఇంజన్లు ఇంకా ఉన్న రోజులు. ఇద్దరూ ఒకే నలుపుతో ఇంటికొచ్చేవారు.

మా వరస మొదట్లో చిన్న అమ్మవారి గుడి ఉండేది. ఒకరోజు ఆ గుడిలో ఇత్తడి గంట మాయమైంది. వారం తిరక్కుండానే దొంగ దొరికాడు. వెనక వరస కుర్రవాడే. ఊళ్ళోనే సర్కండా పేటలో పాత సామాన్లు కొనేవాడి దగ్గర అమ్మబోతూ పట్టుబడ్డాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. తీసింది వాడే, ఒప్పుకున్నదీ వాడే. వాడి తండ్రి గంట పట్టుకుని గుడి దాకా వచ్చి, తలెత్తకుండా అప్పగించి వెళ్ళాడు. గంట మళ్ళీ కొక్కేనికి ఎక్కింది. అయినా ఆ సాయంత్రం మా పెద్దవాళ్ళు గుడి అరుగు మీద కూర్చుని, ఇక వెనక వరసవాళ్ళెవరూ మన కుళాయి ముట్టకూడదని తేల్చేశారు. "ఆళ్ళ బుద్ధే అంత" అన్నారొకరు. మిగతావాళ్ళు తలలూపారు. మా నాన్న కూడా ఊపాడు.

పెద్దవాళ్ళు డ్యూటీలకు పోవాలి కనుక కాపలా పిల్లల మీద పడింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. పెద్దవాళ్ళు చెప్పారు, పిల్లవాడు చేశాడు అని సరిపెట్టుకోవచ్చు. ఎన్నోసార్లు అలాగే సరిపెట్టుకున్నాను కూడా. నిజమేమిటంటే నాకా పని నచ్చింది. చేతిలో వెదురు కర్ర, ఎదురుగా నాకన్నా పెద్దవాళ్ళు ఖాళీ బిందెలతో వెనక్కి తిరగడం. అంతకుముందు నా మాట ఎవరూ విన్నది లేదు.

మామ్మ వచ్చిన రోజు కుళాయి దగ్గర నలుగురం ఉన్నాం. ఆవిడ బకెట్టు కింద పెట్టబోతే కర్ర అడ్డం పెట్టాను.

"ఎవుడు సెప్పినాడ్రా?" అంది, కోపం లేకుండానే.

"అందరూ. మీవోళ్ళు మా గంట ఎత్తుకెళ్ళిపోనారు కదా."

"మావోళ్ళా? ఎంతమంది మోసినార్రా? అంత బరువేటి ఆ గంట?"

పక్కనున్న వాళ్ళు నవ్వారు. ఆవిడ మాటకు కాదు, ఆవిడను చూసి. నేనూ నవ్వాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. ఖాళీ బకెట్టు కాడ కిర్రుమంటూ వెనక వరస మలుపు దాకా వినిపించింది.

రెండు రోజుల తరవాత మాలో పెద్దవాడు ఒక పందెం పెట్టాడు. వాళ్ళు మనది తీశారు కాబట్టి మనం వాళ్ళది ఒకటి తేవాలి, ఎవరికి దమ్ముంది అని. కుళాయి దగ్గర సంపాదించిన మర్యాద పోగొట్టుకోవడం ఇష్టంలేక, నేనెళ్తానన్నాను. మధ్యాహ్నం కాలనీ అంతా ఎండకు తలుపులేసుకుని ఉన్న వేళ మామ్మ పెరటి గోడ దూకాను. దూకడంలో ఒక కాలి చెప్పు జారి గోడవారనే పడిపోయింది. బట్టలుతికే బండ మీద రాగి కొమ్ముచెంబు బోర్లించి ఉంది. నమాజుకు ముందు ఆవిడ చేతులూ కాళ్ళూ కడుక్కునేది దాంతోనే. దాన్ని చొక్కా కింద దోపుకున్నాను. అంతలో ఇంట్లోంచి అడుగుల చప్పుడు. గోడ దూరంగా ఉంది, బొగ్గు గది దగ్గరగా ఉంది.

ఆ కాలపు రైల్వే క్వార్టర్లకు పెరట్లో అలాంటి గది ఒకటి ఉండేది. మనిషి నిలబడితే తల తగిలేటంత, కిటికీ లేకుండా. లోపలికి దూరి తలుపు లాక్కున్నాను. అడుగులు దగ్గరగా వచ్చి ఆగాయి. తరవాత బయట గొళ్ళెం పడిన చప్పుడయింది. అడుగులు వెళ్ళిపోయాయి.

తలుపు తోసి చూశాను. కదల్లేదు. అరిస్తే దొరికిపోతాను. అరవకపోతే ఎప్పటికి బయటపడతానో తెలియదు. పైన రేకులు కాలిపోతున్నాయి. ఊపిరి పీలిస్తే గొంతులోకి బొగ్గుపొడి దిగుతోంది. తలుపు సందులోంచి వచ్చే ఒక్క గీత వెలుగు నా మోకాలి మీద పడి మెల్లగా పక్కకి జరుగుతోంది. రైలు యార్డులో పెట్టెలు జతచేస్తున్న మోత వినపడుతోంది. వెలుతురులో ఉన్నవాళ్ళందరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు, నేనొక్కణ్ణే ఇందులో ఉండిపోయాననిపించింది. మా నాన్న ముఖం, గుడి ముందు తలవంచుకుని నిలబడ్డ ఆ తండ్రి ముఖం ఒకదానిలోంచి ఒకటి కనిపించసాగాయి. చొక్కా కింద చెంబు కొమ్ము పొట్టలో గుచ్చుకుంటోంది. తీసి పక్కన పెట్టడానికి కూడా భయపడ్డాను, చప్పుడవుతుందేమోనని.

ఎంతసేపయిందో తెలియదు. పెరటి తలుపు దగ్గర సైకిలు ఆపిన చప్పుడు, దాని వెంట నిండు డబ్బాలు దించుతున్న చప్పుడు వినిపించాయి. మామ్మ మనవడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు. యార్డు అవతల ఇంజన్లకు నీళ్ళుపట్టే గొట్టం దాకా పోయి, రోజూ సైకిలు మీద రెండు డబ్బాలు తెచ్చేవాడు. మేం కుళాయి ఆపిన దగ్గర్నుంచీ అది వాడి పనయింది.

"మామ్మా, నీ చెంబేది?"

"అక్కడే ఉండాల."

"లేదు. గోడకాడ చెప్పు సూడు. దేఖో, నాను అప్పుడే సెప్పాను. ముందు వరసోళ్ళంతా ఇంతే. పొద్దున గంట కొడతారు, మధ్యాన్నం గోడలు దూకుతారు."

"ఎంతమంది దూకినారు?"

"ఎంతమందయితే ఏటి, అందరూ ఒకటే. ఈ చెప్పట్టుకుని ఎల్లి గుడికాడే అడుగుతాను, మీ వరసంతా దొంగలేనా అని."

"చెప్పు ఒకటే ఉంది గదరా. ఒక్క చెప్పట్టుకుని ఎంతమంది కాళ్ళకి తొడుగుతావు?"

మనవడు గొంతు పెంచాడు. "మరి ఆళ్ళన్లేదా? మనోడొకడు గంట తీత్తే మనందరం దొంగలమైపోనాం. నీళ్ళు మోసి మోసి నా భుజాలు పడిపోనాయి."

"అన్నారు. తప్పన్నారు. తప్పని తెలిసి నువ్వూ అదే నేర్సుకుంతావేటి? నీ అయ్య పుట్టినప్పుడు నాను ఒళ్ళు తెలీకుండా పడుంటే, నాలుగు దినాలు గంజి కాసి తెచ్చినదెవురు? ఆ వరస ముసిల్ది. అందరూ దొంగలంటే అదీ దొంగేనా?"

ఆ ముసిల్ది మా నాయనమ్మ. చనిపోయి అప్పటికి రెండేళ్ళు. ఆ గంజి సంగతి మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. చీకట్లో కూర్చుని, ఎవరి ఇంట్లో దొంగతనానికి వచ్చానో ఆ ఇంటి మనిషి నోట మా నాయనమ్మ మంచితనం విన్నాను. ఆవిడను దొంగల లెక్కలోకి లాగింది మనవడు కాదు, నేనే. బొగ్గుపొడికి ఆపుకోలేక దగ్గాను.

"బొగ్గు గదిలో ఏదో ఉంది" అన్నాడు మనవడు.

"పిల్లి. ఇందాకే దూరింది."

"దొంగపిల్లేటి?"

"దూరిన ప్రతి పిల్లీ దొంగపిల్లేనేటి? డ్యూటీకి టైమవుతాంది, ఎల్లు. ఆ చెప్పు ఇలగియ్యి."

సైకిలు వెళ్ళిపోయింది. కాసేపటికి గొళ్ళెం మీద రాయి పెట్టి కొడుతున్న చప్పుడయింది. రెండు మూడు దెబ్బలకు గాని అది రాలేదు. అంత బిగువైన గొళ్ళెం ఊరికే పడదు, ఎవరో పనిగట్టుకుని వెయ్యాలి. నేను దూరడం ఆవిడ చూసిందని, ఆ మాటలన్నీ నేను లోపలున్నానని తెలిసే అన్నదని అప్పుడు అర్థమైంది.

తిడుతుందనుకున్నాను. చెయ్యి చాపింది. చొక్కా కిందనుంచి చెంబు తీసి ఇచ్చాను. ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళ దాకా చూసి, "ఇలగెల్తే మీ యమ్మ సంపేత్తాది" అంది. మనవడు తెచ్చిన డబ్బాలోంచి చెంబు నింపి, నన్ను బండ మీద నిలబెట్టి, ముఖం మీద, చేతుల మీద, కాళ్ళ మీద నీళ్ళు పోసింది. కొమ్ములోంచి సన్నగా వచ్చే ధార. బొగ్గు వదిలేదాకా మూడుసార్లు నింపింది. నల్లటి నీళ్ళు బండ మీదనుంచి పారి మట్టిలోకి ఇంకిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ నీళ్ళు ఎంత దూరంనుంచి వచ్చాయో, ఎవరివల్ల అంత దూరంనుంచి రావలసివచ్చిందో ఆ పెరట్లో ఇద్దరికీ తెలుసు. నాలుగోసారి నింపినది మాత్రం తన నమాజుకు పక్కన పెట్టుకుంది.

చెప్పు నా ముందు వేసి, "నీ కాలికే సరిపోతాదా, సూసుకో" అంది. వేసుకున్నాను. "నీ పేరు నాను సెప్పను. సెప్పుకుంతావో లేదో నీ ఇష్టం" అంది.

చెప్పుకోలేదు. పందెం కాసినవాళ్ళకు తలుపులన్నీ వేసి ఉన్నాయని చెప్పాను. ఇంట్లో ఏమీ చెప్పలేదు. మర్నాటినుంచి కడుపునొప్పి అని కుళాయి కాపలా మానేశాను. నేను చూపించిన ధైర్యం అంతే. నా బదులు ఇంకొకడు కర్ర పట్టుకున్నాడు. నేను ఒక్కమాట అని ఉంటే, మామ్మ పెరటి గోడ దూకింది నేనేనని, నన్ను నీళ్ళుపోసి పంపించారని మా నాన్నతోనైనా చెప్పి ఉంటే, ఆ కర్ర పక్కన పడేదేమో. పడకపోయేదేమో కూడా. ప్రయత్నం చేసి ఓడిపోయాననుకునే తృప్తి కూడా నాకు లేదు. వానలు పడి వెనక వరస కుళాయిలో నీళ్ళొచ్చేదాకా మామ్మ మనవడు సైకిలు మీద డబ్బాలు మోస్తూనే ఉన్నాడు. మరుసటి ఏడు బదిలీ అయి వాళ్ళు కట్నీ వైపు వెళ్ళిపోయారు. మామ్మ గొళ్ళెమైతే తీసింది గాని, ఆ గదిలోంచి నేను బయటికి రాలేదు.

వచ్చాననుకుని ఇన్నేళ్ళు బతికాను. రిటైరై సర్కండాలో ఇల్లు కట్టుకున్నాను. పాత కాలనీవాళ్ళందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. మొన్నామధ్య అందులో ఒక వార్త వచ్చింది. ఎక్కడో ఒక లారీ డ్రైవరు తాగి నడిపి, కూరగాయలమ్ముకునే ఆవిడను గుద్ది పారిపోయాడని. డ్రైవరు పేరు చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టారు, ఏ మతంవాడో తెలియాలని. దాని కింద నేను "వీళ్ళ బుద్ధే అంత" అని రాశాను. చెయ్యి తడబడలేదు. పన్నెండుమంది మెచ్చుకున్నారు.

మా మనవరాలికి తెలుగు చదవడం రాదు. ఫోన్ చూసి, "ఏం రాశావు తాతా? చదువు" అంది. చదివాను. రాసినప్పుడు వినపడనిది పైకి చదివితే వినపడింది. అది గుడి అరుగు మీద విన్న గొంతు.

"వీళ్ళంటే ఎవరు? లారీలో ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది.

"ఒక్కడే."

"అచ్ఛా, మరి వీళ్ళని ఎందుకు రాశావు?" అని, జవాబు కోసం ఆగకుండా ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నాలుక మీద మళ్ళీ బొగ్గుపొడి తగిలింది.

రాసిన మాట చెరిపెయ్యడం తేలిక. చెరిపితే అది కూడా తలుపులన్నీ వేసి ఉన్నాయని చెప్పినట్టే అవుతుంది. అందుకని ఉంచేశాను. దాని కిందనే, లారీ నడిపింది ఒక్క మనిషి, ఈ మాట రాసిన తప్పు నాది అని రాశాను. తరవాత ఇప్పుడు మీకు చెప్పిందంతా రాశాను. ఆనాడు పందెం పెట్టినవాడు ఆ గ్రూపులోనే ఉన్నాడు. చదివాడని గుర్తు పడింది, జవాబు రాలేదు. మామ్మ ఇప్పుడు లేదు. మనవడు ఉంటే అతనికి డెబ్బై దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. ఎవరైనా ఎరిగినవాళ్ళు ఉంటే అతనికొక్క సంగతి చెప్పండి. ఆ రోజు మీ పెరట్లో దొరికిన చెప్పు ముందు వరసది కాదు, నాది.