మా మావగారు ఏరి తెచ్చిన పుస్తకాలు

మా మావగారు పోయారు. పోయిన నెల మా ఊరి పుస్తకాల గది ముందున్న నల్లబల్ల మీద, ఎప్పుడూ కొత్త పుస్తకాల పేర్లు రాసే చోట, ఆ కబురు రాశారు. నేను చూడలేదు, ఇంట్లోంచి కదిలే పరిస్థితి కాదు. మా ఆయన వచ్చి చెప్పారు. రాసినవాళ్ళు పాత రాతని సరిగ్గా చెరపలేదట. 'కొబ్బరి తెగుళ్ళు' అన్న మాట సగం కనిపిస్తూనే ఉందట, దాని కిందే మావగారి పేరు. ఏడుస్తున్నదాన్ని కాస్తా నవ్వేశాను. ఆయనే గనక చూసి ఉంటే ముందు బల్ల తుడవనందుకు విసుక్కుని, ఆ తర్వాత కొబ్బరి పుస్తకం ఎవరింట్లో ఉండిపోయిందో కనుక్కునేవారు.

మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండే ఊరు. మావగారు వ్యవసాయదారు. ఫోర్తు ఫారంతో చదువు మానేసి నాగలి పట్టిన మనిషి. పుస్తకాల గదికి ఒక కమిటీ ఉంది గానీ, పుస్తకాలు కొనే పని మాత్రం ఆయనదే. ఏటా నూర్పులు అయ్యాక పాసింజరెక్కి విజయనగరం వెళ్ళేవారు. సాయంత్రం బండికి భుజాన మూటతో దిగేవారు. ఆ మూటలో కథల పుస్తకం ఒక్కటీ ఉండేది కాదు. కథలంటే ఆయనకి కోపమేమీ లేదు. కథలు పెళ్ళికొచ్చే చుట్టాల్లాంటివి, పిలవకపోయినా వస్తాయి, మిగతావాటి ఇంటికి మనమే వెళ్ళి బొట్టుపెట్టి పిలవాలి అనేవారు.

అలా పిలిచి తెచ్చినవి చూస్తే మీకూ నవ్వొస్తుంది. తేనెటీగలు, గ్రహణాలు, నుయ్యి తవ్వడం, పాముకాటు, ఆస్తి పంపకాల చట్టం, రైలింజను ఎలా నడుస్తుందో, మనిషి ఒంట్లో ఎముకలెన్నో. ఒక సంగతి మీద ఒక పుస్తకం కొన్నాక, అది ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా మళ్ళీ ఆ సంగతి జోలికి వెళ్ళేవారు కాదు. వ్యవసాయం పుస్తకాలు చాలవా, మనకెందుకీ ఎముకలు అని కమిటీవాళ్ళు ఏటా గొణిగేవారు.

"మనకి తెలిసిన పనే మళ్ళీ సదువుకోడానికి ఇంత దూరం ఎల్లాలేటి? తెలీందే కొనాల" అనేవారు ఆయన.

ఆయన ఏరే పద్ధతి నేను ఒక్కసారే కళ్ళారా చూశాను. విజయనగరంలో చుట్టాలింట పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆయన వెనక మా అత్తగారు, అత్తగారి వెనక నేను, ముగ్గురం పుస్తకాల కొట్లో దూరాం. ఆయన గచ్చు మీద మఠం వేసుకుని కూచుని, ఒక్కో పుస్తకాన్ని మొదట్నించి కాకుండా మధ్యలో తెరిచి, వేలు కిందికి జరుపుకుంటూ పెదవులతో చదువుకున్నారు. కొట్టాయన ఏం కావాలని ఎన్నిసార్లు అడిగినా పలకలేదు. చివరికి అత్తగారే విసుగెత్తి, పెళ్ళివారు భోజనాలకి ఎదురుచూస్తున్నారు, ఇంతకీ ఏం వెతుకుతున్నట్టు అని అడిగింది.

"రాసినోడు తనకి తెలీదని ఎక్కడైనా ఒప్పుకున్నాడేమో సూస్తన్నాను" అన్నారు. "అన్నీ తెలిసినట్టు రాసినోడిని నాను నమ్మను. ఇదొక్కటి ఇంకా తెలీదు అని ఒక్క సోట రాసినా సాలు, ఆడు సెప్పిన మిగతాదంతా నమ్మొచ్చు."

ఆ మాట ఆయన అత్తగారికి చెప్పారు గానీ, నాకు వినిపించేలా చెప్పారు. అదొక ముచ్చట. మా ఇళ్ళల్లో మావగారు కోడలితో నేరుగా మాట్లాడకూడదు. కోడలు మావగారి ఎదట నిలబడకూడదు. ఇద్దరం ఒకే గదిలో ఉన్నా, మధ్యలో అత్తగారిని కూచోబెట్టి, "పిల్లని ఆ దీపం ఒత్తి పెంచమను" అనేవారు ఆయన. అత్తగారు నాకేసి తిరిగి అదే మాట మళ్ళీ చెప్పేది, నేనేదో చెవిటిదాన్నైనట్టు. ఆవిడ ఇంట్లో లేని వేళ దాహమేస్తే, గాటన కట్టేసి ఉన్న పెయ్యతో మొరపెట్టుకునేవారు. "ఏమే పెయ్యా, మంచినీళ్ళు కావాలని సెప్పు." నేను చెంబు తెచ్చి గడప మీద పెట్టి తప్పుకునేదాన్ని. ఆయన పెయ్యని మెచ్చుకుని తాగేవారు. కొత్తలో నాకు నవ్వొచ్చేది, పోనుపోను బెంగగా ఉండేది. ఇంత మంచి మనిషి ఇంట్లో ఉండి ఒక్క మాటకి నోచుకోకపోవడమేమిటి అనిపించేది.

అందుకని ఆయన పుస్తకాలతో మాట్లాడేవారు. నాకు చదువొచ్చని పెళ్ళిచూపుల నాడే కనుక్కున్నారట. ఊళ్ళో ఆడవాళ్ళు పుస్తకాల గది మెట్టెక్కే ఆచారం లేదు. అందుకని తన పేరున తీసుకున్న పుస్తకాన్ని చదివేసి మరిచిపోయినట్టుగా వంటింటి గూట్లో పెట్టేసి వెళ్ళిపోయేవారు. నేను చదివి అదే గూట్లో పెట్టేదాన్ని. మర్నాటికి ఇంకోటి ఉండేది.

ఆయన ఎంపికంతా తిరుగులేనిదని చెప్పను. ఒక ఏడు గోధుమ సాగు మీద పుస్తకం తెచ్చారు. గోధుమ చేను ఈ చుట్టుపక్కల ఎవడూ కలలోనైనా చూసి ఎరగడు. ఊరంతా వేళాకోళం చేసింది. తర్వాత వానల్లేని ఏడు వచ్చి, రేషను కొట్లో బియ్యానికి బదులు గోధుమలు పోశారు. వాటినేం చెయ్యాలో ఆడవాళ్ళకి తెలీదు. అన్నంలా ఉడకబెడితే ఉడకవు. మావగారి దగ్గర పుస్తకం ఉందని గుర్తొచ్చి అందరూ మా అరుగు మీదికొచ్చారు. ఆయన గర్వంగా తెరిచి చదివారు. దుక్కి దున్నడం, విత్తడం, తడులు పెట్టడం, కోత. పుస్తకమంతా తిరగేసినా వండడం ఎక్కడా లేదు. చేటల్తో వచ్చినవాళ్ళు కాసేపు విని, నవ్వుకుంటూ లేచిపోయారు. ఆ ఏడంతా తిరగలిలో విసిరి జావ కాచుకున్నాం. ఆ తర్వాత చాలా రోజులు మావగారు గోధుమ మాటెత్తలేదు.

ఇక అసలు సంగతి చెప్పాలి. నాకు ఇద్దరు పిల్లలు పుట్టి నిలవలేదు. రెండుసార్లూ నెలలు నిండుతున్నకొద్దీ కాళ్ళు పొంగేవి, తల పగిలిపోయేది. ఒట్టి మనిషి కాదు కదా, నీరు పట్టడం మామూలే అన్నారంతా. మంత్రసాని ఎరిగిన మనిషే, మంచిదే. ఆమెకి తెలిసినంతా ఆమె చేసింది. మూడోసారి కడుపు నిలిచిందని తెలిసిన రోజున నేను సంతోషించలేదు. భయంతో ఎవరికీ చెప్పలేదు. అత్తగారు కనిపెట్టి, దేవుడికి ముడుపు కట్టింది.

ఆ ఏడు మావగారు విజయనగరం మూటలో గర్భిణుల కోసం రాసిన పుస్తకం ఒకటి తెచ్చారు. కమిటీలో గొడవైంది. మగవాళ్ళు కూచుని పేపరు చదువుకునే చోట అలాంటి బొమ్మలున్న పుస్తకమేమిటని పెద్దలు లేచారు. ఆయన కూచున్న చోటినించి కదలకుండా, "మీరంతా ఏ దారిని వొచ్చేరురా?" అన్నారట. దాంతో ఒకరిద్దరు నవ్వారు, మిగతావాళ్ళు బీరువాలో వెనక వరసన పెట్టుకోమన్నారు. పెట్టిన మర్నాడే తన పేరున రాయించుకుని, తుండుగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చారు. ఈసారి గూట్లో పెట్టలేదు. తిన్నగా అత్తగారి చేతికిచ్చారు.

"నాకు సదువేటొచ్చని ఇస్తన్నావు?" అంది ఆవిడ.

"నీకు రాదు. వొచ్చినోళ్ళ సేత సదివించుకో. నాను పొలానికెల్తన్నాను."

మిట్టమధ్యాహ్నం, వేసవి, పొలంలో గడ్డిపరక కూడా లేదు. అయినా వెళ్ళిపోయారు.

రోజూ అలాగే వెళ్ళేవారు. నేను అత్తగారికి చదివి వినిపించేదాన్ని. కడుపుతో ఉన్నది ఎక్కువ తింటే పిల్ల పెద్దదై కష్టమవుతుందని ఆవిడ నమ్మకం. తినాలని పుస్తకం అంది. ఆవిడ మొదట పుస్తకంతో పోట్లాడింది, తర్వాత రోజూ ఒక గ్లాసుడు పాలు నా ముందు పెట్టి, తాగేదాకా కదిలేది కాదు. ఒక రోజు కాళ్ళవాపు గురించిన పేజీ వచ్చింది. వాపూ, తలనొప్పీ కలిసి వస్తే మామూలనుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి అని ఉంది. ఇది ఎందుకు వస్తుందో వైద్యులకి ఇంకా తెలియదు అని కూడా ఉంది. చదవడం ఆపేశాను. అత్తగారు మరోసారి చదవమంది. చదివాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

నాకు ఏడో నెల వచ్చింది. ఒక రోజు పొద్దున్న లేచేసరికి మెట్టెలు బిగిసిపోయి ఉన్నాయి. దాచుకుందామనుకున్నాను. ఇప్పుడేం ముంచుకురాలేదు, కాసేపు ఉంటే తగ్గుతుందని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ కుంపటి దగ్గర కూచున్నాను. నా నడక చూశారేమో, మావగారు వంటింటి గడప దాకా వచ్చి ఆగారు. అత్తగారు పెరట్లో ఉంది. పెయ్యని పిలుస్తారేమోననుకుని చెంబు అందుకోబోయాను. ఆయన గడప దాటి లోపలికొచ్చి, నా ఎదురుగా నేల మీద గొంతుక్కూచున్నారు.

"అమ్మా, కాళ్ళు సూపించు" అన్నారు.

ఆ ఇంటికి వచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అది. పండగ నాడు దూరంనించి నేను ఆయన కాళ్ళకి మొక్కేదాన్ని. ఆయన నా కాళ్ళు చూపించమంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. చీర అంచు కొంచెం జరిపాను. ఆయన బొటనవేలితో చీలమండ పైన నొక్కి తీశారు. సొట్ట పడి, అలాగే ఉండిపోయింది. ఇద్దరం దాన్నే చూస్తూ ఉండిపోయాం. అది పూడేదాకా ఆయన లేవలేదు. లేచి, బండి కట్టమని మా ఆయన్ని కేకేశారు.

ఆ పూట పాసింజరుకే శ్రీకాకుళం మిషను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నన్ను అక్కడే ఉంచేశారు. అత్తగారు తోడుంది. మిషను తిండి, మిషను ప్రార్థన, రెంటికీ ఆవిడ మొదట ముడుచుకుని, ఆనక నర్సులందరికీ వరసలు కలిపేసుకుంది. మావగారు వారానికోసారి వచ్చి, లోపలికి రాకుండా కిటికీ బయట నిలబడేవారు. ఆడపిల్ల పుట్టింది. చిన్నది, పిడికెడంత. గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి నేను ఎన్నేళ్ళు వేచానో నాకు తెలుసు. ఆ రోజు కిటికీ బయటనించి ఆయన నాతోనే మాట్లాడారు, ఎవరినీ అడ్డం పెట్టుకోకుండా.

"నీకన్నా ముందు ఆ పుస్తకం నానే సదివీసేనమ్మా. ఆ పేజీ కాడ ఆగిపోనాను. ఆ రెండుసార్లూ మనకి తెలీలేదు గదా అనుకున్నాను. సెప్పడానికి నోరు రాలేదు."

అంత పెద్దాయన కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా మధ్య మాటలు అలా మొదలై, ఆగలేదు. పెయ్యకి పని తప్పింది.

ఈ వేసవిలో ఆయన మంచం పట్టారు. అక్షరాలు ఆనేవి కావు. ఏది చదవాలో ఆయన చెప్పేవారు, వసారాలో మంచం పక్కన కూచుని నేను చదివేదాన్ని. చంద్రుడి మీద పుస్తకం చదివించుకుంటూ, మనుషులు దాని చుట్టూ తిరిగి వచ్చారని పేపర్లో వచ్చింది కదా, అయితే ఈ పుస్తకం పాతబడిపోయినట్టే, మంచిదే అని మురిసిపోయారు. ఒక సాయంత్రం, ఇవాళ ఏది తేమంటారని అడిగాను.

"ఈసారి నువ్వు ఏరమ్మా" అన్నారు.

పుస్తకాల గదికి వెళ్ళాను. బల్ల మీద కూచున్న మగవాళ్ళు మాట్లాడ్డం మానేసి జరిగి దారిచ్చారు. బీరువా ముందు నిలబడ్డాను. వెళ్ళిపోతున్న మనిషికి ఏ పుస్తకం ఇవ్వాలి? దేవుడి పుస్తకాలు తీసుకోమని వెనకనించి ఎవరో అన్నారు. ఒక్కొక్కటీ మధ్యలో తెరిచి చూశాను. చివరికి మామిడి అంట్ల పుస్తకం పట్టుకొచ్చాను. అందులో ప్రతి మాటా వచ్చే ఏడాది గురించో, ఆ పై ఏడాది గురించో ఉంది. నాకు అది చాలనిపించింది.

చదువుతున్నాను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. నిద్రపోయారనుకుని ఆపాను.

"గొయ్యి ఎంత లోతన్నాడు?"

"మూడడుగులు, మావయ్యా."

"ఆడికి మన పెరడు తెలీదు. కింద రాయిలాటి గరప తగుల్తాది. నాలుగు తవ్వించు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "కాయ ఎప్పటికొస్తాదన్నాడు?"

నాలుగైదేళ్ళు పడుతుందని చెప్పాను. ఆయన కాళ్ళ దగ్గర నిద్రపోతున్న నా కూతురికేసి తల తిప్పారు.

"అప్పటికి దానికి కొమ్మ అందదు. ఎవురైనా ఎత్తుకోండి" అన్నారు.

ఆ వారంలోనే పోయారు. పన్నెండో రోజు అయ్యాక మా ఆయన పెరట్లో గొయ్యి తవ్వారు. మూడడుగులకి గరప తగిలింది. పలుగు తెచ్చి నాలుగో అడుగూ తవ్వారు. అంటు ఇంకా రాలేదు.

నిన్న మొదటి వాన గట్టిగా కురిసి వెలిసింది. గొయ్యి సగం దాకా నిండింది. నా కూతురు అంచున గొంతుక్కూచుని, నీళ్ళలో కనిపిస్తున్న పిల్లని పైకి రమ్మని పిలుస్తోంది. నేను వెనక నిలబడి దాని గౌను గట్టిగా పట్టుకున్నాను.