బానెట్ మీద అరచెయ్యి

పెద్ద మెకానిక్ ఒకప్పుడు ఇంజను జబ్బును చెవితోనే పట్టేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుంటే, బాధేమిటో ఇంజనే చెప్పుకునేది. తర్వాత గొంతులో క్యాన్సరు వచ్చింది, తగ్గింది. తగ్గించిన మందే పోతూ పోతూ సన్నటి శబ్దాలన్నీ పట్టుకుపోయింది. లారీ వినిపిస్తుంది, భార్య గొంతు వినిపించదు. ఆమె పెదాలు కదిలితే తలాడిస్తాడు, ఇంట్లో అందరూ నవ్వాక తనూ నవ్వుతాడు. సాయంత్రానికి ఈ తలాడించడంతోనే ఒళ్ళు హూనమైపోతుంది. "ప్రాణం దక్కింది, చెవులదేముందిలే" అని చూడవచ్చినవాళ్ళల్లా అరిచి చెబుతారు. దానికీ తలాడిస్తాడు.

నిన్న ఒక కారు పని ముగించి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, నడుస్తున్న ఇంజనుకే మళ్ళీ తాళం తిప్పాడు. ఇనుము ఇనుమును కొరికినట్టు కీచుమంది. షెడ్డంతా పళ్ళు బిగించింది, కారాయన చెవులు మూసుకున్నాడు. పెద్ద మెకానిక్ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా తిప్పుతూనే ఉన్నాడు. షెడ్డులోనే పనిచేసే తమ్ముడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ ఆగలేదు. అప్పుడు తలెత్తి అందరి మొహాలూ చూశాడు.

ఇవాళ తాళం ముట్టుకునే ముందు బానెట్ మీద అరచెయ్యి వేసి, ఇంజను నడుస్తూ అదురుతోందేమోనని చూశాడు. ఆస్పత్రిలో భార్య అతని నుదుటి మీద అచ్చం ఇలాగే చెయ్యేసి జ్వరం చూసేది.

తమ్ముడు మెల్లగా తాళం అందుకున్నాడు. "నేను చూస్తాలే అన్నయ్యా, నువ్వు కూర్చో."

ఇన్నాళ్ళకు ఒక మాట, ఆ 'కూర్చో' అన్నది, చెవులతో పనిలేకుండానే అతనికి పూర్తిగా వినబడింది.