ఇసుక బస్తాల పరీక్ష

మోటారు పడవలకు నీటిని తోసే పంకాలు బిగించే తాతారావుకి సముద్రమంటే చచ్చేంత భయం. అయినా భావనపాడులో పంకా బిగించినవాడే మొదటిసారి పడవ ముందు కూర్చోవాలి. అందుకే రెక్కల అంచుల్ని పదిసార్లు బొటనవేలితో తడుముతాడు, వేటకెళ్లే మనుషుల, వలల బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేయిస్తాడు. ఆ ఉదయం వేగం కావాలని పడవ యజమాని భరణి పట్టుబట్టి పెద్ద పంకా పెట్టించాడు.

"మావా, ఇసక అమ్ముకోడానికెల్తన్నామేటి?" అని నవ్వాడు కూడా.

అలల వరస దగ్గర అంత బరువుతో పెద్ద పంకాని తిప్పలేక ఇంజిను మూలిగింది గానీ పడవ ముందుకు దూకలేదు. ఎదురుగా తాటిచెట్టంత అల లేచింది.

"ఒరే, బస్తాలు తోసీరా!" అని తాతారావు అరిచాడు. తోసేశాక తేలికైన పడవ ఎలాగో అలనెక్కింది.

ఒడ్డుకొచ్చాక, "ఎక్కింది కదా మావా," అన్నాడు భరణి.

"రేపు ఆ బస్తాల సోటున మనుసులుంటార్రా. తోసేస్తావేటి?"

చిన్న పంకా బిగించి, కొత్త బస్తాలు వేయించి, తాతారావు మళ్లీ ముందు కూర్చున్నాడు.